ఎత్తినచోటే దించాలి

తట్టక్కను సెక్యూరిటీ వాడు కర్రతో పొడిచి లేపడం నేను కళ్లారా చూశాను. ఆమె చేసిన నేరం కూర్చోవడం. కూర్చున్నది కూడలి మధ్యలో కొత్తగా కట్టిన గ్రానైట్ అరుగు అంచు మీద. ఆ అరుగుకు ఇసుకా సిమెంటూ తలమీద మోసింది ఆమే. అరుగు మీద, ఇంకా ముసుగు తీయని కంచు విగ్రహం నిలబడి ఉంది. ఆ ముసుగు లోపల ఉన్నదీ ఆమే. శిల్పి ఆమె ఫొటోలు తీసుకెళ్లి, ఆమె ముఖాన్నే పోత పోశాడు.

"లే అక్కా, ఇక్కడ కూర్చోకూడదు. బోర్డు చూడలేదా?" అన్నాడు వాడు.

"చూశాను. నాకు చదువు రాదు. ఏం రాసుంది?"

"శ్రమకు వందనం అని రాసుంది. కింద చిన్నక్షరాల్లో, కూర్చోరాదు, గుంపుగా నిలబడరాదు అని రాసుంది. లే, సూపర్‌వైజరు చూస్తున్నాడు."

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ మీకు నవ్వొచ్చిందేమో. మాకు రాలేదు. మీరంతా పేపర్లో ఆ విగ్రహం బొమ్మ చూసే ఉంటారు. నగరానికి కొత్త అందం అని రాశారు. ఆ అందం మా మెడ మీదకి ఎలా ఎక్కిందో, మేం మెడ ఎలా విదిలించామో చెబుతాను, వినండి. నేను ఇళ్లకు రంగులేసేవాణ్ణి. ఈ ఊళ్లో సగం గోడలు నా చేతి మీదుగా పోయినవే. ఒక్కరూ నన్ను కళాకారుడు అనలేదు, నేనూ అడగలేదు.

ఆ కూడలి మా అడ్డా. తెల్లవారగానే కూలీలమంతా అక్కడ చేరతాం. దీపస్తంభం పక్కన రంగులవాళ్లం, మురుగుకాలువ గట్టున తవ్వకం పనివాళ్లు, మూలమలుపులో తాపీ మేస్త్రులు, కుళాయి దగ్గర తట్టలు మోసే ఆడవాళ్లు. ఎవరి పనిముట్టు వాళ్ల ముందు నేలమీద ఉంటుంది. పని చేయించుకునేవాడు వస్తాడు, కూలి మాట్లాడతాడు, కుదిరితే వంగి ఆ పనిముట్టు తనే ఎత్తి బండిలో పెట్టుకుంటాడు. ఎత్తాడంటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవడొచ్చి ఎక్కువిస్తానన్నా పోము. వాడికీ ఒక కట్టుబాటుంది. పని ముగిశాక మనిషినీ పనిముట్టునీ ఎత్తినచోటే దించాలి. ఊరి చివర వదిలేసి నడుచుకుంటూ పొమ్మంటే కుదరదు. అలా చేసినవాడి బండి మళ్లీ అడ్డాకొస్తే ఒక్క తాపీ కూడా లేవదు. ఈ చట్టానికి కాగితం లేదు, ముద్ర లేదు. మా తాతల నాటి నుంచీ నడుస్తోంది.

ఈ చట్టానికి కాపలా పెద్దమేస్త్రి. వయసులోనూ పెద్ద, పనిలోనూ పెద్ద. ఒకసారి ఒళ్లు కాలిపోతుంటే కూడా, ఎత్తాడు కదా అని బండెక్కి వెళ్లి గోడ కట్టి వచ్చాడు. మాట తప్పడమంటే ఆయనకు పరాయివాడి కంచంలో చెయ్యి పెట్టడమంత అసహ్యం. ఆయన ఉన్నాడనే నమ్మకంతోనే ఊరు మా దగ్గరికి వచ్చేది.

కూడలికి ఎదురుగా మాల్ కట్టడం మొదలైంది. మొదట్లో మాకు అది పండగే, చేతినిండా పని. గోడలు లేచి అద్దాలు బిగించాక, ఆ అద్దాల్లో మేం కనబడటం మొదలుపెట్టాం. చిరిగిన చొక్కాలు, దుమ్ము జుట్లు, బీడీ పొగలు. కోట్లు పెట్టి అద్దాలు కొన్నవాడికి అందులో మా మొహాలు చూడటం కష్టమే కదా పాపం.

మమ్మల్ని నేరుగా వెళ్లగొడితే పేరు చెడుతుంది. అందుకని నగరపాలక సంస్థ ఒక కొత్త పథకం పట్టుకొచ్చింది. పెద్ద భవనం కట్టేవాడు కొంత ఖర్చు పెట్టి ఊరికి ఒక కళాఖండం ఇవ్వాలి. ఇచ్చినందుకు కార్పొరేషన్ వాడికి అదనపు అంతస్తులు ఇస్తుంది. అంటే వాడు ఒక బొమ్మ పెడతాడు, ఆకాశంలో ఇంకొంచెం ఆక్రమించుకుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. బొమ్మ ఎక్కడ పెట్టాలి? మాల్ ఎదురుగానే, మేం నిలబడే చోటే. ఊరంతా వెతికినా వీళ్లకు ఇంకో ఖాళీ జాగా కనబడలేదు.

ఈ పథకానికి ఒక సలహాదారు ఉన్నాడు. నోరు తెరిస్తే సౌందర్యం అంటాడు గనక ఆయనకు మేం సౌందర్యం సార్ అని పేరు పెట్టాం. ఒక ఉదయం శిల్పిని వెంటబెట్టుకొని అడ్డాకు వచ్చాడు. మెడలో నాలుగు రంగుల కండువా, కాళ్లకు దుమ్ము అంటని బూట్లు. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయించాడు. తట్టక్కను మాత్రం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ముఖంలో ఆశ కావాలమ్మా. రేపటి మీద ఆశ" అన్నాడు.

"ఉంది సార్. ఇంకా పని దొరకలేదు కదా, అందుకని బయటికి రావట్లేదు" అంది తట్టక్క.

మేమంతా పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వి, ఎంత సహజంగా మాట్లాడుతున్నారో అని శిల్పితో అన్నాడు. అందరికీ టీ ఇప్పించాడు. మా బొమ్మలు కూడలిలో పెడతారట అని ఇళ్లకెళ్లి చెప్పుకున్నాం. తట్టక్క మొగుడు కట్టడం మీంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఆయన కూడా ఆ పూట లేచి కూర్చున్నాడట. ఒక్క టీకి అంత పొంగిపోయాం మేం.

మరికొన్నాళ్లకు కాంట్రాక్టరు వచ్చాడు. తెల్లచొక్కా, పెద్ద బండి. నేరుగా పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్లి, మంచి కూలి చెప్పి, వంగి తాపీ ఎత్తాడు. ఆయన వెనకే మా అందరి పనిముట్లూ ఎత్తాడు. ఏం పని అని ఒక్కరం అడగలేదు. అడ్డాల్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని తప్పు ఇది. తాపీ ఎత్తాక పనేమిటని ఆరాతీయడం మాట మీద అనుమానపడటమని మా లెక్క. అదీగాక బండి ఎక్కాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఎత్తిన చోటే పని. అదృష్టం కలిసొచ్చిందనుకున్నాం.

మేం నిలబడే నేలను మేమే తవ్వాం. పాత రాళ్లు మేమే పీకాం. మూలమలుపునూ దీపస్తంభం చోటునూ కలిపేసి మేమే అరుగు కట్టి, పైన గ్రానైట్ పరిచాం. కుళాయి కోసేసినప్పుడు తట్టక్క అడిగింది, తాత్కాలికమేనమ్మా అన్నాడు కాంట్రాక్టరు. తర్వాత క్రేను మీద ముసుగేసిన విగ్రహం వచ్చింది. దింపుతుంటే గాలికి గుడ్డ లేచింది. తట్టక్కను తట్టక్క చూసుకుంది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది కంచు తట్టక్క. తలమీది తట్టలో సిమెంటు లేదు. సిమెంటు వికారంగా ఉంటుందట, పూలమొక్కలు పెట్టారు. ఆ మొక్కలకు నీళ్లు పట్టడానికే మా కుళాయి గొట్టాన్ని విగ్రహం లోపలినుంచి పైకి తీసుకెళ్లారు. నిజం తట్టక్క ఎండలో గొంతు తడుపుకోవడానికి టీకొట్టు వాణ్ణి బతిమాలుకుంటోంది.

చివరగా అరుగు చుట్టూ ఇనప కంచెకు గోతులు తవ్వమన్నారు.

"గేటు ఏవైపు పెట్టాలి బాబూ?" అనడిగాడు పెద్దమేస్త్రి.

"గేటెందుకు మేస్త్రీ? చూడ్డానికేగా" అన్నాడు కాంట్రాక్టరు.

అప్పటికి గానీ మాకు బుర్ర పనిచేయలేదు. ఆ మధ్యాహ్నమే తట్టక్కను సెక్యూరిటీ వాడు పొడిచి లేపింది. వాడూ పరాయివాడేం కాదు. ఒకప్పుడు మాతోపాటు మురుగుకాలువ గట్టున గడ్డపారతో నిలబడినవాడే. భుజం విరిగాక బరువు ఎత్తలేక ఆ నీలం చొక్కా తొడుక్కున్నాడు.

మర్నాడు మేం కార్పొరేషన్ ఆఫీసుకు పోయాం. గుమ్మం ముందు చెప్పులు విప్పమన్నారు, విప్పాం. కమిషనరు గదిలో చల్లగా ఉంది. బల్ల మీద అద్దాల పెట్టెలో మన కూడలి నమూనా పెట్టారు. చిన్న చిన్న చెట్లు, చిన్న చిన్న కార్లు, చేతుల్లో సంచులు పట్టుకొని తిరుగుతున్న వేలెడంత మనుషులు. తట్టక్క వంగి పెట్టె నాలుగు వైపుల నుంచీ చూసింది.

"మేమెక్కడున్నాం సార్ ఇందులో?"

సౌందర్యం సార్ మురిసిపోయి మధ్యలో ఉన్న కంచు బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇదుగోనమ్మా. అందరికంటే ఎత్తులో ఉన్నది మీరే."

"అది బొమ్మ సార్. మేం పొద్దున్నే నిలబడే చోటు అడుగుతున్నాను."

కమిషనరు కలగజేసుకున్నాడు. బైపాస్ దాటాక చెత్త యార్డు పక్కన ఖాళీ జాగా ఉందట. అక్కడ మాకు షెడ్డు వేయిస్తాడట.

"అంతదూరం కూలీల కోసం ఎవరొస్తారు సార్?" అన్నాను నేను.

"అవసరమైనవాళ్లు వస్తారు. నగరం ఎదుగుతున్నప్పుడు అందరూ కాస్త సర్దుకోవాలి."

"మాల్ ఓనరు ఎటు సర్దుకున్నాడు సార్?"

సౌందర్యం సార్‌కు నా ప్రశ్న నచ్చలేదు. అయినా ఓపిగ్గా, మందబుద్ధులకు పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. "ఆయన తన సొంత డబ్బుతో ఊరికి సౌందర్యం ఇచ్చారయ్యా. కృతజ్ఞతగా కార్పొరేషన్ కొన్ని అంతస్తులు ఇచ్చింది. ఇందులో ఎవరూ నష్టపోలేదు. కళ అందరిదీ. మీది కూడా."

"మరి మా చోటు ఎవరిచ్చారు ఆయనకి?" అన్నాడు పెద్దమేస్త్రి. ఆ గదిలో ఆయన మాట్లాడింది అదొక్కటే. కమిషనరు మీటింగుంది అని లేచాడు. ప్యూను మా వెనకే వచ్చి మేం నిలబడ్డ చోటు తడిగుడ్డతో తుడిచాడు. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పిన పని అది.

సాయంత్రం అందరం సగం కట్టి ఆపేసిన ఒక ఇంట్లో చేరాం. ఇటుకలు, ఇసుక కుప్పలు, తలుపుల్లేని గుమ్మాలు. మా మీటింగులకు ఇలాంటివే దొరుకుతాయి. పూర్తయిన ఇళ్లలోకి మమ్మల్ని రానివ్వరు. అందరం ఒక్కసారే మాట్లాడుతున్నాం. చెత్త యార్డుకే పోదాం, గొడవలెందుకు అన్నవాళ్లున్నారు. కార్పొరేటరు కాళ్లు పట్టుకుందాం అన్నవాళ్లున్నారు. ఇనప చువ్వలు వంచే కుర్రాడొకడు, మేం చువ్వల తమ్ముడు అంటాం, వాడు సమ్మెట తెచ్చి అందరి మధ్యా దబ్బున పడేశాడు.

"మాటలొద్దు. పోయి ఆ బొమ్మను ముక్కలు చేద్దాం."

"నా మొహం మీద వేస్తావట్రా సమ్మెట?" అంది తట్టక్క.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "నీ మొహం కాదక్కా అది. నిన్ను తరిమిన మొహం."

"అది పగిలితే ఏమవుతుంది? రేపు పేపర్లో రాస్తారు, కూలీలు కళను ధ్వంసం చేశారని. సౌందర్యం సారు ఏడుస్తాడు. ఇంకో బొమ్మ పోస్తారు, ఇంకో నాలుగు అంతస్తులు లేపుతారు. బొమ్మ పాపం ఏం చేసింది? దాని చుట్టూ కంచె కదా మన గొంతు మీద ఉన్నది. ఆ కంచె వేసేది ఎవరు? మనం. చేతులు ముడుచుకుంటే సరిపోతుంది."

అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చున్న పెద్దమేస్త్రి తలెత్తాడు. "కంచె వేయాలి" అన్నాడు.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. అందరూ ఆయన మీదపడ్డారు. ముసలాడికి మతిపోయిందన్నాడు ఒకడు. కాంట్రాక్టరు ఏమిచ్చాడో అన్నాడు ఇంకొకడు. ఆ మాట అన్నవాడి చొక్కా నేనే పట్టుకున్నాను.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు" అన్నాడు ఆయన. "వాడు నా తాపీ ఎత్తాడు. నేను ఎత్తనిచ్చాను. పని సగంలో వదిలేస్తే రేపు మన తాపీకి విలువేముంది? మన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే కదరా. కంచె వేసేద్దాం. కూలి తీసుకుందాం. ఆ తర్వాత మన పోరాటం మనం చేసుకుందాం."

"కంచె వేశాక ఎక్కడ నిలబడి చేస్తాం పెద్దయ్యా?" అన్నాడు చువ్వల తమ్ముడు.

ఆయన మీద నాకు కోపమొచ్చింది, జాలీ వచ్చింది. దొంగలతో కూడా నిజాయితీగా ఉండాలనుకునే మనిషిని ఏం చేయాలి?

తట్టక్క వచ్చి ఆయన ముందు నేలమీద కూర్చుంది. "అన్నా, ఒక్కటడుగుతాను. మన మాటలో సగమే చెబుతున్నావు నువ్వు. రెండో సగం ఏది?"

"ఏ సగం?"

"ఎత్తినవాడు ఎక్కడ దించాలి?"

"ఎత్తినచోటే."

"నిన్ను ఎక్కడ ఎత్తాడు?"

"మూలమలుపులో."

"మరి పనయ్యాక నిన్ను ఎక్కడ దించుతాడు? మూలమలుపు కంచె లోపలికి పోతుంది. లోపల దించితే సెక్యూరిటీ వాడు నన్ను పొడిచినట్టే నిన్నూ పొడుస్తాడు. బయట దించితే మాట తప్పినట్టు. వాడు మాట ఇచ్చేటప్పుడే తప్పేశాడన్నా. తాపీ ఎత్తుతూనే చోటు ఎత్తేశాడు. ఇంక నిన్ను కట్టేసింది ఏ మాట?"

పెద్దమేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. సున్నం తిన్న చేతులు, గీతలు కూడా అరిగిపోయినవి. తర్వాత తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నిజమే తల్లీ. వాడే తప్పాడు" అన్నాడు. "రేపు కంచె లేదు. ఎల్లుండీ లేదు. ముసుగు తీసే రోజున మనం ఎప్పటిలాగే మన చోట్లలో నిలబడదాం. మిగతా అడ్డాలకు కబురు పెట్టండి."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి.

మర్నాటి నుంచి గోతులు గోతుల్లాగే ఉండిపోయాయి. కాంట్రాక్టరు అరిచాడు, ఎక్కువిస్తానన్నాడు, కేసు పెడతానన్నాడు. ఊళ్లోని మిగతా అడ్డాల దగ్గరికీ పోయాడు. అప్పటికే మా కబురు వాడికంటే ముందు వెళ్లింది. వాడి బండి ఆగిన చోటల్లా కూలీలు తమ పనిముట్ల మీద పాదం మోపి నిలబడ్డారు. దాంతో కంచె లేకుండానే ముహూర్తం వచ్చేసింది. మేయరు తేదీ ఇచ్చాక కంచె కోసం ఆగడు కదా.

ఆ ఉదయం మేం తెల్లవారగానే చేరాం. ఊళ్లోని అన్ని అడ్డాల వాళ్లూ వచ్చారు. గ్రానైట్ అరుగు మీదా, దాని చుట్టూ రోడ్డు మీదా పనిముట్లు పరిచాం. తాపీలు ఒక వరస, పారలు ఒక వరస, గడ్డపారలు, తట్టలు, నా కుంచెలు, బకెట్లు. ఎవరి వస్తువు వెనక వాళ్లం నిలబడ్డాం. ఎర్ర తివాచీ మోసుకొచ్చినవాళ్లు ఎక్కడ పరచాలో తెలియక భుజాన వేసుకొని నిలబడిపోయారు.

అందరికంటే ముందు సౌందర్యం సార్ కారు దిగాడు. పనిముట్ల వరసలు చూసి ఆయన కళ్లు మెరిశాయి. గబగబా ఫోన్ తీసి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

"అద్భుతం. పనిముట్లతో ఒక రచన. ఎవరి ఆలోచన ఇది? శిల్పిగారిదా?" అని అక్కడున్న ఇనస్పెక్టర్‌ను అడిగాడు.

"కూలీలు సార్. లేవమంటే లేవట్లేదు" అన్నాడు ఇనస్పెక్టరు.

సౌందర్యం సార్ మొహం మాడిపోయింది. అంతసేపూ కళగా కనబడిన తాపీలు ఆయనకు ఒక్కసారిగా చెత్తగా కనబడ్డాయి. ఫోన్ జేబులో పెట్టుకొని, వెంటనే తీయించండి, మేయర్‌గారు వచ్చేస్తున్నారు అన్నాడు.

"తీసుకుపొండిరా మీ సామాను" అని గుడ్లురిమాడు ఇనస్పెక్టరు.

"మేం తీయం బాబూ" అన్నాడు పెద్దమేస్త్రి. "ఇది మా అడ్డా. ఇక్కడ పనిముట్టు మేం ఎత్తుకోము, మనిషి కావలసినవాడు ఎత్తుకుంటాడు. ఎత్తితే మనిషి కూడా వెంట వస్తాడు. సాయంత్రం ఎత్తినచోటే దించాలి. ఇష్టమైతే ఎత్తండి."

ఇనస్పెక్టర్‌కు ఇదంతా తలకెక్కలేదు. మేయరు కారు మలుపు తిరుగుతోంది. పోలీసులు తాపీలూ పారలూ ఎత్తి వ్యానులో విసరడం మొదలుపెట్టారు. ఇనుము మీద ఇనుము పడి మోగుతోంది. ఏ తాపీ లేస్తే ఆ తాపీ మేస్త్రి, ఏ తట్ట లేస్తే ఆ తట్ట మనిషి కదిలాం. మొదటి వ్యాను నిండిపోయింది. రెండోది నిండిపోయింది. పట్టనివాళ్లం వెనక నడిచాం. మమ్మల్ని చెదరగొట్టడానికి వచ్చిన పోలీసులు, వెంట రావద్దు, ఇళ్లకు పొండి అని బతిమాలడం అప్పుడే మొదటిసారి విన్నాను.

"మా తట్టలు మీ దగ్గరున్నాయి, ఇంటికెలా పోతాం?" అన్నారు ఆడవాళ్లు.

ఊరు గుమ్మాల్లోకి వచ్చి చూసింది. స్టేషన్ దాకా రోడ్డంతా మేమే.

వెనక కూడలిలో ఏం జరిగిందో సెక్యూరిటీ వాడు తర్వాత చెప్పాడు. బ్యాండు వాయించారు. మేయరు తాడు లాగాడు. ముసుగు జారి, కంచు తట్టలోని మొక్కలకు చిక్కుకొని ఆగిపోయింది. పైకెక్కి తీసేవాడు కావాలి. నిచ్చెన ఎక్కే రంగులవాళ్లం, గోడలెక్కే మేస్త్రులు ఒక్కరం లేము. ఎక్కరా అన్నాడు మేయరు, సెక్యూరిటీ వాడితో.

"నా చెయ్యి పైకి లేవదు సార్. ఆ మాల్ కట్టేటప్పుడే పడ్డాను" అన్నాడట వీడు, ఓనరు పక్కనే ఉండగా. చప్పట్లు కొట్టడానికి కార్పొరేషన్ గుమాస్తాలు తప్ప ఎవరూ లేరు. సగం ముసుగు విగ్రహానికే మేయరు దండం పెట్టి కారెక్కాడు.

స్టేషన్‌లో సాయంత్రానికి అందర్నీ వదిలేశారు. పెద్దమేస్త్రిని మాత్రం వదల్లేదు. ప్రజల ఆస్తికి నష్టం కలిగించాడని కేసు రాశారు. ఆ అరుగు మీద గీత కూడా పడలేదు. పడితే ముందు కన్నీళ్లు పెట్టుకునేది ఆయనే, పరిచింది ఆయన గనక. పనిముట్లు సాక్ష్యమని ఉంచేసుకున్నారు. ఇనస్పెక్టరు ఆయన్ని చెంపమీద కొట్టాడు. కిటికీలోంచి మేం చూశాం. అన్నేళ్లుగా ఈ ఊరికి గోడలు కట్టినవాడి చెంప మీద.

జైలుకు తీసుకెళ్లే బండి ఎక్కుతూ ఆయన తట్టక్కను పిలిచాడు. "నాకోసం స్టేషన్ ముందు కూర్చోవద్దు. పొద్దున్నే అడ్డాకు పొండి. ఒక్క పూట ఖాళీగా ఉంచినా చోటు పోతుంది."

"వట్టి చేతులతో పోయి ఏం చేయమంటావన్నా?"

"నిలబడండి" అన్నాడు ఆయన.

నిలబడ్డాం. మర్నాడు వట్టి చేతులతోనే, ఎవరి చోట వాళ్లం. సెక్యూరిటీ వాడు కర్ర చంకన పెట్టుకొని అటు తిరిగి నిలబడ్డాడు. ఏ అడ్డా నుంచీ ఎవరూ పనికి పోలేదు. ఊళ్లో ఇటుక మీద ఇటుక పడలేదు. కలిపిన సిమెంటు ఎక్కడికక్కడ గట్టిపడిపోయింది. మాల్ మీద కానుకగా వచ్చిన అంతస్తులు, చువ్వలు పైకి పొడుచుకొని అలాగే ఆగిపోయాయి. తట్టక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా ఇంట్లోనూ అంతే. టీకొట్టు వాడు అప్పు అడగడం మానేసి టీ పోశాడు.

సౌందర్యం సార్ రాయబారానికి వచ్చాడు. ముందు పనిలోకి వస్తే, అరుగు మీద రాతిఫలకం పెట్టి దానిమీద కూలీలందరి తరఫునా పెద్దమేస్త్రి పేరు చెక్కిస్తామన్నాడు.

"పేరు మాకిచ్చి మనిషిని మీరు ఉంచుకుంటారా సార్?" అంది తట్టక్క. "మనిషిని పంపండి. కుళాయి కలపండి. గోతులు పూడ్చండి. ఆ బోర్డు పీకండి. బొమ్మను కావాలంటే ఉంచుకోండి, మా మధ్యన అది కూడా నిలబడుతుంది."

ఆయన కండువా సర్దుకొని వెళ్లిపోయాడు. తర్వాత ఒక పొద్దున కాంట్రాక్టరు బండి వచ్చింది. దాని వెనక ఒక లారీ. లారీ నిండా కూలీలు, పొరుగూరి వాళ్లు. మోకాళ్ల మధ్య గడ్డపారలు, ఒళ్లో తట్టలు. మమ్మల్ని కాదని కంచె వేయడానికి తెచ్చారు. మా వాళ్లలో గుసగుస మొదలైంది. చువ్వల తమ్ముడు రాయి తీశాడు. తట్టక్క వాడి చేతిలోంచి ఆ రాయి లాక్కొని పడేసి లారీకి అడ్డంగా వెళ్లి నిలబడింది. పోలీసులు దూరంగా నవ్వుతూ చూస్తున్నారు. కూలీలు కూలీలు కొట్టుకుంటే వాళ్లకు పని తేలిక.

"ఎక్కడ ఎత్తారన్నా మిమ్మల్ని?" అని అడిగింది తట్టక్క.

లారీ అంచున కూర్చున్న ముసలాయన తడబడ్డాడు. "మా ఊరి అడ్డాలోనమ్మా. మార్కెట్ ముందు. ఏం పనో చెప్పలేదు."

తట్టక్క గోతులు చూపించింది. బోర్డు చూపించింది. సగం ముసుగులో నవ్వుతున్న తన బొమ్మను చూపించింది. లారీలో వాళ్లు ఆ బొమ్మను చూశారు, ఆమెను చూశారు, మళ్లీ బొమ్మను చూశారు. కాంట్రాక్టరు, దిగండి దిగండి, టైమవుతోంది అని లారీ పక్కన చరుస్తున్నాడు. ఎవరూ కదల్లేదు.

"మా అడ్డాలో కూడా మొన్న ఎవరో వచ్చి నేలమీద సున్నంతో గీతలు గీసి పోయారమ్మా" అన్నాడు ముసలాయన మెల్లగా. "మంచి బొమ్మ వస్తుందన్నారు. మేం గీతలు చెరిగిపోకుండా చూసుకుంటున్నాం."

ఆయన పక్కన కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముసలాయన గడ్డపార భుజాన వేసుకొని లారీ దిగాడు. కాంట్రాక్టరును దాటుకొని వచ్చి తట్టక్క ముందు నిలబడ్డాడు. వెనకే లారీ ఖాళీ అవుతోంది.

"మీరెలా ఆపారో మొదట్నుంచీ చెప్పమ్మా. రాత్రికల్లా మేం మా ఊరు చేరాలి" అన్నాడు.